జబ్బార్ భాయ్ బండి క్లచ్

కొత్త క్లచ్ వేశాక కూడా బండి జారుతోందంటే ముందు మీ చేతులు చూసుకోండి. గ్రీజు చేతులతో ప్లేటు పట్టుకుని బిగించినవాడికి ఇంకెవరి మీదా విసుక్కునే హక్కు లేదు. తర్వాత ఇంజను వెనక ఉండే ఆయిల్ సీలు చూడండి. అది చుక్కచుక్కగా కారి ప్లేటును తడుపుతుంటే ఎన్ని ప్లేట్లు మార్చినా అంతే. ఆ తర్వాత కేబుల్. పెడల్‌లో కాస్త వదులు ఉండాలి. బిర్రుగా లాగి కట్టారంటే, కాలు పెట్టకపోయినా క్లచ్ సగం నొక్కినట్టే ఉంటుంది. ఆఖరుకి ఫ్లైవీల్ చూడండి, నీలం మచ్చలు పడి నున్నగా మెరుస్తుంటే లేత్ మీద పెట్టించండి.

ఇదంతా ఏ మెకానిక్ షెడ్డులోనైనా నేర్పుతారు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా జారితే ఏం చూడాలో నాకు ఎవరూ నేర్పలేదు. నేను పని మానేసి చాలా రోజులైంది, మోకాళ్లు మొరాయించాయి. అయినా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి క్లచ్ గురించి అడుగుతుంటారు. వాళ్లకి జబ్బార్ భాయ్ బండి సంగతి చెప్పాలనుకుంటాను. నోటితో చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆగిపోతున్నాను. అందుకని రాస్తున్నాను.

పని తెలియనివాళ్లు చదివితే వాళ్ల కోసం ఒక మాట. ఇంజను తిప్పే ఫ్లైవీల్ చక్రానికీ గేర్‌బాక్సుకీ మధ్య గుండ్రటి ప్లేటు ఒకటి ఉంటుంది. పెడల్ తొక్కితే అది విడిపోతుంది, వదిలితే అతుక్కుంటుంది. జారడమంటే అతుక్కోవాల్సినప్పుడు పూర్తిగా అతుక్కోకపోవడం. ఇంజను గొంతు చించుకుంటుంది, బండి మాత్రం ముందుకు పోదు. ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు.

మా సేఠ్ పద్ధతి

మాది గుడివాడ పక్క పల్లెటూరు. ఐటీఐ చదివి హైదరాబాద్ వచ్చి పంజగుట్టలో ఒక షెడ్డులో చేరాను, అక్కడే ముసలివాణ్ణయ్యాను. షెడ్డు యజమాని నర్సింగ్ సేఠ్. మంచి పనివాడు. బానెట్ మీద చెయ్యి వేసి ఇంజనులో ఏముందో చెప్పగలడు. మనిషి మీద చెయ్యి వేస్తే మాత్రం ఏమీ తెలిసేది కాదు. నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను కాబట్టి ఈ మాట అనొచ్చు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బండి బాగయ్యాక ట్రయల్‌కి ఆ పని చేసిన ఉస్తాద్ ఒక్కడే తీసుకెళ్లాలి. బండి తెచ్చినవాడు ఎదురుగా చాయ్ కొట్టు దగ్గర కూర్చోవాలి. స్టీరింగ్ కాదు కదా, పక్క సీటు కూడా ఇవ్వకూడదు.

"గిరాకీ పక్కన కూసుంటె లేని చప్పుళ్లు ఇనబడతయ్ వానికి," అనేవాడు. "డాక్టర్ ఆపరేషన్ చేస్తుంటె పేషెంట్ లేసి కత్తి పడతడా?"

అందరం నవ్వేవాళ్లం. చుట్టుపక్కల షెడ్లలో కూడా ఇదే పద్ధతి. ఉస్తాద్ ఒంటరిగా ఒక చుట్టు తిరిగొచ్చి తాళంచెవి చేతిలో పెట్టి "అయిపోయింది" అన్నాడంటే ఇక ఎదురు ప్రశ్న లేదు. మా ఇజ్జత్ అదే అనుకునేవాళ్లం. ఇప్పుడు నన్నడిగితే, అంత పనికిమాలిన పద్ధతి ఇంకోటి లేదు. కానీ అప్పట్లో నేనూ దాన్ని నెత్తిన పెట్టుకున్నవాణ్ణే.

అమీర్‌పేట మింగిన ప్లేట్లు

సాఫ్ట్‌వేర్ ఊపు మీదున్న రోజులవి. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా కోచింగ్ సెంటర్, ఏ గోడ చూసినా కోర్సుల కాగితాలు. హాస్టళ్ల నుంచి పిల్లలు బ్యాగులు తగిలించుకుని రోడ్డు మీదికొచ్చి నడిచేవాళ్లు, ఫుట్‌పాత్ మీద మిర్చి బజ్జీల బళ్లు, జిరాక్స్ షాపుల బోర్డులు ఉండేవి. ఉద్యోగాలు దొరికిన పిల్లల్ని హైటెక్ సిటీకి మోసుకెళ్లడానికి తెల్ల బళ్లు వందల్లో దిగాయి. పొద్దుటి షిఫ్టు, సాయంత్రం షిఫ్టు, మధ్యలో డ్రైవరుకి నిద్ర ఎప్పుడో దేవుడికే తెలియాలి.

ఆ బళ్లు మాకు అన్నం పెట్టాయి. పంజగుట్ట నుంచి అమీర్‌పేట చౌరస్తా దాకా అడుగడుగుకీ ఆగుతూ పోవాలి, ప్రతి అడుగుకీ క్లచ్ తొక్కాలి. ఎత్తు మీద బ్రేకు వేయడానికి బద్ధకించి సగం క్లచ్ మీద బండిని నిలబెట్టే డ్రైవర్లు కొల్లలు. వాళ్ల ప్లేట్లు విప్పితే మాడిన రొట్టె వాసన వచ్చేది. వాసన చూసి ఇది ఎవడి బండో చెప్పేవాణ్ణి నేను.

జబ్బార్ భాయ్ ఆ రకం కాదు. ఎర్రగడ్డ వెనక బస్తీలో ఉండేవాడు. పదిమంది కూర్చునే బండి ఆయన సొంతం. ఒక కంపెనీ అమ్మాయిల్ని హాస్టళ్ల దగ్గర ఎక్కించుకుని ఆఫీసుకి చేర్చడం, మళ్లీ తీసుకురావడం ఆయన డ్యూటీ. పద్దెనిమిదేళ్లకే లారీ మీద చేరి స్టీరింగ్ పట్టాడట, అప్పటికే గడ్డం నెరిసింది. బండి ఎక్కేముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"క్లచ్ ఏడ పడతదో కాలికి తెల్వాలె ఉస్తాద్," అన్నాడు. "చెప్పు ఉంటె తెల్వది. పిల్లలు బూట్లేసుకోని నడుపుతరు, గందుకే వాళ్ల బండి ఎగిరెగిరి పడతది."

ఆ మాట నిజమే. ఆయన బండిలో కూర్చుంటే గేరు మారిన సంగతి కూడా తెలిసేది కాదు. అమ్మాయిలు నిద్రపోయేవాళ్లు. అది ఆయనకు గొప్ప. "నా బండ్ల ఎక్కితె పదినిమిషాల్ల నిద్ర," అని అందరికీ చెప్పుకునేవాడు.

మళ్లీ మళ్లీ

ఆయన బండికి క్లచ్ మొదటిసారి నేనే మార్చాను. పాత ప్లేటు చాలా ఏళ్లు నడిచి అరిగింది, అందులో వింతేమీ లేదు. కొత్తది వేసి, నేనే ట్రయల్‌కి తీసుకెళ్లి, బంజారాహిల్స్ ఎత్తు మూడో గేరులో ఎక్కించి చూశాను. జెర్రిలా పాకింది.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

"ఉస్తాద్, చడావ్ ఎక్కుతలేదు. ఇంజన్ అరుస్తుంది, బండి పోతలేదు."

గేర్‌బాక్స్ దించాం. ప్లేటు మాడిపోయి ఉంది. ఆయిల్ సీలు దగ్గర కొంచెం తేమ కనిపించింది, అదే కారణమనుకుని సీలు మార్చి, కొత్త ప్లేటు వేశాను. ట్రయల్ బ్రహ్మాండంగా ఉంది. మళ్లీ కొన్ని వారాలకు అదే పాట. ఈసారి ప్లేటు కంపెనీ మార్చాం, దాన్ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటూ రిలీజ్ బేరింగూ మార్చాం, ఫ్లైవీల్ లేత్‌కి పంపాం. కేబుల్ వదులు కొలిచి చూశాను, సరిగ్గానే ఉంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, నాలుగో గేరులో పెట్టి క్లచ్ వదిలితే ఇంజను ఠక్కున ఆగిపోయింది. అంటే ప్లేటు ఉడుంపట్టు పట్టిందన్నమాట. ఇక వంక పెట్టడానికేమీ లేదు.

అయినా మళ్లీ వచ్చాడు. ఈసారి మొహం చిన్నబోయి ఉంది. ఎత్తు మీద బండి వెనక్కి వచ్చిందట. వెనక ఆటోవాడు హారన్ కొట్టి అరిచాడట, బండిలో అమ్మాయిలు నిద్రలేచి కేకలు పెట్టారట. కంపెనీవాళ్లు ఈ ఒక్కసారికి వదిలేస్తామని, ఇంకోసారి ఇలా జరిగితే బండి మాన్పిస్తామని చెప్పారు.

"ఇన్నేండ్లల్ల నా బండ్ల ఒక్క పిల్ల సుత బయపడలే ఉస్తాద్," అన్నాడు.

మళ్లీ విప్పాను. ఈసారి ప్లేటు కంటే ముందు రిలీజ్ బేరింగు చూశాను. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే తిరిగే భాగమది. కొత్తది వేసి ఎన్నాళ్లో కాలేదు, అప్పుడే అరిగిపోయి గరగరమంటోంది. అది ఆనే చోట ప్రెషర్ ప్లేటు రేకులు వెండిలా మెరుస్తున్నాయి. దీనికి అర్థం ఒక్కటే. పెడల్ మీద ఎప్పుడూ బరువు ఉంటోంది.

"జబ్బార్ భాయ్, ఏమీ అనుకోకండి. క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నారా ఏంటి?"

ఆయన మొహం ఎర్రబడింది. "నన్నడుగుతున్నవా గీ మాట? నేను నిన్న మొన్న లైసెన్స్ తీసుకున్న పోరన్నా?"

నర్సింగ్ సేఠ్ పక్కనుంచి అందుకున్నాడు. "ఇంకో ప్లేటు ఏసి పంపియ్. గిరాకీతోని లొల్లి ఎందుకు?"

వేశాను. తాళంచెవి తీసుకుని ట్రయల్‌కి బయల్దేరబోయి ఆగాను. నేను నడిపినప్పుడల్లా బాగానే ఉంది. ఆయన నడిపితేనే పోతోంది. ఇన్నిసార్లలో ఒక్కసారైనా ఆయన నడుపుతుంటే నేను చూశానా? లేదు. ఎవరూ చూడలేదు. మా ఇజ్జత్ అడ్డం వచ్చింది.

తాళంచెవి జబ్బార్ భాయ్ చేతిలో పెట్టి "మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను," అన్నాను. సేఠ్ ఏదో అన్నాడు. వినిపించుకోకుండా ఎక్కేశాను.

సిగ్నల్ దగ్గర

మధ్యాహ్నం పూట. ఆయన ఎప్పటిలాగే చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు. పంజగుట్ట దాటి అమీర్‌పేట వైపు పోతున్నాం. చేతులు స్టీరింగ్ మీద తేలిగ్గా ఉన్నాయి, కళ్లు రోడ్డు మీద. గేరు ఎంత మెత్తగా వేశాడంటే నాకే అసూయ కలిగింది.

కిందికి చూశాను. మూడో గేరు పడ్డాక కూడా ఎడమ పాదం పెడల్ మీదే ఉంది. ఊరికే ఆనించడం కాదు, పెడల్ వేలెడు లోపలికి దిగి ఉంది.

"భాయ్, క్లచ్ మీద కాలుంది. తీయండి."

"తీసిన."

"ఇంకా ఉంది."

"తీసిన అంటున్న గద," అన్నాడు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. మంచి డ్రైవరు చూపు తిప్పడు.

అబద్ధం చెప్తున్నాడేమో అనుకున్నాను ముందు. మనిషి మొహంలో అబద్ధం లేదు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బండి ఆగింది. న్యూట్రల్ చేశాడు, పాదం మాత్రం అక్కడే ఉంది. నేను వంగి, ఆయన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని పెడల్ మీద నుంచి తీసి కింద పెట్టాను. వదలకుండా అలాగే పట్టుకున్నాను.

"ఏం పడ్డది ఉస్తాద్ కింద?" అన్నాడు. "ఏం ఎతుకుతున్నవ్?"

నా చేతుల్లో ఆయన పాదం ఉంది. ఆయనకు తెలియలేదు.

మా అమ్మకి షుగరు. ఒకసారి కాల్లో గాజుముక్క గుచ్చుకుంటే నేల మీద నెత్తురు మరకలు చూసుకుని గానీ తెలుసుకోలేదు. అందుకే నాకు వెంటనే అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండునని కూడా ఆ క్షణంలోనే అనిపించింది.

రెండో కాలు

సిగ్నల్ దాటాక పక్క సందులోకి తిప్పి ఆపమన్నాను. మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. షుగరు ఉందా అని అడిగాను. ఉందన్నాడు, గోలీలు రాసిచ్చారు, గుర్తున్నప్పుడు వేసుకుంటున్నాడట. కాలు మొద్దుబారడం గురించి అడిగితే తేలిగ్గా తీసిపారేశాడు.

"గీ ట్రాఫిక్ల ఎవ్వనికి తిమ్మిర్లు రావు? డ్రైవర్లందరికి ఉంటయ్."

కాలు పైకెత్తమని చూశాను. మడమ పక్కన బొబ్బ పగిలి ఎండిపోయి ఉంది. బండి ఫ్లోరు వేడికి కాలింది.

"ఇదెప్పుడు కాలింది?"

"ఏది?" అని వంగి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

కళ్లు మూసుకోమని, తాళంచెవి కొనతో అరికాలు మీద అక్కడక్కడా ఆనించాను. తగిలితే చెప్పమన్నాను. నేను ఎడమ అరికాలంతా ఆనించేశాను, ఆయన ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురుచూస్తున్నాడు.

"షురూ చెయ్ ఉస్తాద్."

నేను కుడి కాలు అందుకున్నాను. మడమ దగ్గర "ఆఁ" అన్నాడు. పాదం మధ్యలో "ఆఁ" అన్నాడు. వేళ్ల కింద, బ్రేకు తొక్కే చోట, ఏమీ అనలేదు.

కళ్లు తెరిచి నా చెయ్యి ఎక్కడుందో చూశాడు. ఆయనకు వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎడమ కాలు పోతే క్లచ్ పోతుంది. కుడి కాలు పోతే ఏం పోతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ముందు కోపం వచ్చింది. "నువ్వు మెకానిక్‌వి. డాక్టర్‌వి కాదు," అన్నాడు. నిజమే అన్నాను. తర్వాత బతిమాలాడు. "బూట్లేసుకుంట. జర గట్టి ప్లేటు ఏమన్న ఉంటె ఎయ్. ఒక్క ఏడాది నడవనియ్." నలభై ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన మనిషికి ఇంక పట్టొద్దని చెప్పడానికి నేనెవర్ని? చెప్పకుండా వదిలెయ్యడానికి మాత్రం నేనెవర్ని? బోల్టు బిగించడం చేతకాకపోతే ఇంకొకడు బిగిస్తాడు. నడపొద్దనే మాట నా బదులు చెప్పడానికి ఆ సందులో ఇంకెవరూ లేరు.

"భాయ్, సాయంత్రం ఎంతమంది ఎక్కుతారు బండిలో?"

అంతే అడిగాను. ఆయన ఎదురుగా హాస్టల్ గోడ మీద ఆరేసిన బట్టల వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఫోను తీసి కంపెనీవాళ్లకి చేశాడు.

"ఇయ్యాల బండి రాదు సార్," అన్నాడు. "బండి ఖరాబైంది. ఇగ బాగు కాదంట."

నేను మెట్ల మీద పెట్టిన తాళంచెవి తీసి నా వైపు చాచాడు. "పిల్లలు నమ్మి నిద్రపోతరు ఉస్తాద్ నా బండ్ల," అని ఏడ్చాడు. రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తున్నారని కూడా చూసుకోలేదు. నాకూ కళ్లు నిండాయి. ఇప్పుడు రాస్తుంటే కూడా నిండుతున్నాయి.

నేను నడుపుకుంటూ ఆయన్ని ఇంటికి తీసుకెళ్లాను. సొంత బండిలో ఎడమ వైపు ఎప్పుడూ కూర్చోలేదట, డోరు పిడి కోసం తడుముకున్నాడు. ఎర్రగడ్డ దాకా నేను గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమ కాలు ఫ్లోరును నొక్కుతూనే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

షెడ్డుకి తిరిగొచ్చి సేఠ్‌కి జరిగింది చెప్పాను. "అంటె మన పనిల తప్పేం లేదు గద. బస్," అని చేతులు దులుపుకున్నాడు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు కొంత తగ్గింది, మళ్లీ పెరగలేదు. ఆ తర్వాత నా చేతిలోకొచ్చిన ప్రతి బండికీ ట్రయల్ యజమానితోనే చేయించాను, నేను పక్కన కూర్చున్నాను. సేఠ్ గొణిగాడు, మిగతా ఉస్తాదులు ఎగతాళి చేశారు. మీరు కూడా అలాగే చెయ్యండి. బండిని ఒక్కదాన్నే చూస్తే సగం జబ్బు మీకు కనబడదు.

చాయ్ కొట్టు దగ్గర

జబ్బార్ భాయ్ బండి అమ్మేశాడు. కొన్నది కూడా ట్రావెల్స్ నడిపే మనిషే, కొత్త డ్రైవర్ని పెట్టుకున్నాడు. ఆయిల్ మార్చడానికి, బ్రేకులకి మా షెడ్డుకే పంపేవాడు. బండి గేట్లోకి వచ్చినప్పుడల్లా డ్రైవరు సీటు వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేవాణ్ణి.

ఏడాది దాటాక ఒకరోజు జబ్బార్ భాయ్ స్వయంగా వచ్చాడు. పంజగుట్టలో పెద్దాసుపత్రికి కాలికి కట్టు మార్పించుకోవడానికి వచ్చాడట. మనిషి సగమయ్యాడు. మందులు సరిగ్గా వేసుకుంటున్నానని, తమ్ముడి కిరాణా కొట్లో కూర్చుంటున్నానని చెప్పాడు. ఇద్దరం చాయ్ కొట్టు బల్ల మీద కూర్చున్నాం, ఆయనకు చక్కెర లేకుండా చెప్పాను.

"నా బండి వస్తుందా ఈడికి?" అన్నాడు.

"వస్తుంది భాయ్. మొన్ననే ఆయిల్ మార్చాం."

చాయ్ ఊదుకున్నాడు. తర్వాత నా మొహం చూడకుండా అడిగాడు.

"క్లచ్ మళ్ల జారిందా?"

ఆయన దేనికోసం వచ్చాడో అప్పుడు తెలిసింది. కట్టు మార్పించుకున్నాక ఆసుపత్రి ఎదురుగానే బస్సు ఎక్కి ఇంటికి పోవచ్చు. ఆ కాలితో ఇంత దూరం నడిచొచ్చాడు. డాక్టర్లు చెప్పినా, నేను చెప్పినా, తన కళ్లతో చూసుకున్నా, లోపల ఎక్కడో ఒక ఆశ మిగిలి ఉంది. ఇంకొకడి కాలి కింద కూడా ఆ క్లచ్ జారి ఉంటే తప్పు బండిదవుతుంది. ఆయన కాలిది కాదు. ఎంతోకాలం నమ్ముకున్న కాలు ఆయన్ని మోసం చేయలేదన్నమాట.

జారింది అని ఒక్క మాట అంటే చాలు. ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టేవాడు కాదు, ఎవరికీ నష్టం లేదు, మనసు కాస్త కుదుటపడి ఇంటికి వెళ్లేవాడు. నాలుక దాకా వచ్చింది. కానీ నేను క్లచ్ గురించి ఆయనతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"లేదు భాయ్. అదే ప్లేటు. బాగా పట్టింది."

"ఒక్కపారి సుత?"

"ఒక్కసారి కూడా లేదు."

ఆయన తల ఊపాడు. గ్లాసులో మిగిలిన చాయ్ తాగేసి బల్ల మీద పెట్టాడు. లేవడానికి నా భుజం పట్టుకుని, నిలబడ్డాక కూడా కాసేపు చెయ్యి తీయలేదు.

"మస్తు బిగించినవ్ ఉస్తాద్," అన్నాడు.

నా పనికి దక్కిన మెప్పుల్లో నాకు వద్దనిపించింది అదొక్కటే.